బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చిన 108 సిబ్బందికి కృతజ్ఞతలు

గత నెల ఒక తెల్లవారుజామున గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చిన 108 సిబ్బంది ఇద్దరికీ, కింది వాటాలో అద్దెకుంటున్న నర్సింగ్ విద్యార్థినికీ మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

నాన్నగారు స్నానం చేసి వచ్చి, విభూతి పెట్టుకుంటూ దేవుడి గది గడప దగ్గర కుప్పకూలిపోయారు. పిలిస్తే పలకలేదు. మధ్యమధ్య ఎగశ్వాస వస్తుంటే ఊపిరి ఆడుతోందనే అనుకున్నాను. నా కేకలు విని పరుగెత్తుకొచ్చిన ఆ అమ్మాయి, "అది ఊపిరి కాదక్కా, గుండె ఆగిపోయింది" అంటూనే రొమ్ము మధ్య రెండు అరచేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. గుండె ఆగాక ఏమీ చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని నాకు తర్వాత తెలిసింది. ఏ లైను, ఎన్నో అడ్డరోడ్డు అని ఫోనులో చెప్పడానికి నేను తడబడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు.

108 వాళ్లు రాగానే "ముందు బండి ఎక్కించండి" అని అరిచాను. అందుకు క్షమాపణ కూడా చెప్పుకోవాలి. బండిలో అత్యవసర చికిత్స చేసే ఈఎంటీ తమ్ముడు తల ఎత్తకుండానే, "ఇక్కడే చేయాలమ్మా. మెట్లు దింపుతూ, బండి కుదుపుల్లో సరిగ్గా నొక్కలేం" అన్నాడు. స్నానపు తడి, విభూతి కలిసిన ఛాతీని తువ్వాలుతో తుడిచాడు. కుడి జత్రుక ఎముక (కాలర్ బోన్) కింద ఒకటి, ఎడమ చంక కింద ఒకటి, గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం ప్యాడ్లు అంటించి, అందరినీ దూరం జరగమని షాక్ ఇచ్చాడు. వెంటనే మళ్లీ నొక్కడం: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ కనీసం 5 సెంటీమీటర్ల లోతు. అలసిపోతే ఆ లోతు తగ్గుతుందట. అందుకే రెండేసి నిమిషాలకు బండి నడిపే పైలట్ అన్న అందుకునేవాడు. ఇద్దరి చెమటా బొట్లు బొట్లుగా గచ్చు మీద పడింది. రెండో షాక్ తర్వాత మెడ దగ్గర నాడి దొరికింది. అప్పుడు కదిలించారు.

రక్తనాళంలో అడ్డు తొలగించి స్టెంటు వేసిన డాక్టర్లకూ రుణపడి ఉన్నాం. వాళ్లే మాతో, "ఆయన బతికింది మీ ఇంటి గచ్చు మీదే" అన్నారు.

రెండు పక్కటెముకలు చిట్లాయని విని, తన వల్లేనని ఆ అమ్మాయి ఏడ్చింది. తల్లీ, గట్టిగా నొక్కితే అలా జరుగుతుందని డాక్టరే చెప్పారు. నువ్వు భయపడి మెల్లగా నొక్కి ఉంటే ఈరోజు దగ్గినప్పుడు నొప్పి అనడానికి నాన్నగారే ఉండేవారు కాదు.

108 తమ్ముళ్లూ, ఆరోజు హడావిడిలో మీ పేర్లయినా అడగలేదు. నాన్నగారికి ఆ ఉదయం ఏదీ గుర్తులేదు. మిమ్మల్ని ఒక్కసారి చూడాలని రోజూ అడుగుతున్నారు. ఇల్లు మీకు తెలుసు. తప్పక రండి.