కుప్ప లోపలి వేడి

గుంటూరు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి హడావుడిలో తప్పు చెప్పాను. భూమి లోపలి వేడి ఎండ నుంచి వస్తుందన్నాను. కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కూడా నేలలోకి పెద్దగా దిగదు. నాయనమ్మ వాళ్ల బావి నీళ్లు మే నెలలో చల్లగా, సంక్రాంతికి గోరువెచ్చగా అనిపిస్తాయి గుర్తుందా? నిజానికి ఆ నీళ్లు ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటాయి, మారేది బయటి గాలి. పది పదిహేను మీటర్ల కింద నేలకి వేసవీ తెలియదు, చలికాలమూ తెలియదు. ఇంకా దిగితే వేడి పెరుగుతుంది, కిలోమీటరుకి 25, 30 డిగ్రీల చొప్పున. రష్యాలోని కోలాలో 12 కిలోమీటర్ల పైచిలుకు బోరు వేస్తే అడుగున 180 డిగ్రీలుంది. ఎండే కారణమైతే కిందకి పోయేకొద్దీ చల్లబడాలి కదా.

అందులో దాదాపు సగం పాత వేడి. సుమారు 454 కోట్ల ఏళ్ల కిందట రాళ్లు, ధూళి గుద్దుకుంటూ కలిసి భూమి అయింది. ఆ దెబ్బల వేడికి కరిగి, బరువైన ఇనుము మధ్యకి దిగిపోయింది, దిగుతూ ఇంకొంత వేడి పుట్టించింది. రాయి వేడిని తొందరగా వదలదు.

మిగతా సగం కోసం మన కల్లంలోకి రావాలి. పోయినేడు కోతలప్పుడు పండు మిరపకాయ కుప్ప పోసి పట్టా కప్పాం. తెల్లారి పట్టా మంచుకి తడిసి చల్లగా ఉంది. నీ చెయ్యి పట్టుకుని కుప్పలోకి మోచేతి దాకా పెట్టిస్తే, "నాన్నా, లోపల ఎవరో పొయ్యి వెలిగించినట్టుంది" అన్నావు. కోశాక కూడా కాయ ఊపిరి తీస్తుంది, రవ్వంత వేడి వదులుతుంది. పలచగా ఆరబోస్తే అది గాలికి పోతుంది. కుప్పలో పోయే దారి లేక కూడుకుంటుంది.

భూమి కూడా అలాంటి కుప్పే. రాళ్లలో కొద్దికొద్దిగా యురేనియం, థోరియం, ఒక రకం పొటాషియం ఉంటాయి. వాటి పరమాణువులు వాటంతటవే మారిపోతూ వేడి వదులుతాయి. కాయలో జరిగేది వేరు, ఇది వేరు, కూడుకునే తీరు మాత్రం ఒకటే. కొండపల్లి ఖిల్లా దగ్గర నువ్వు జేబులో వేసుకున్న రాయి కూడా ఇప్పుడు ఆ పనిలోనే ఉంది. కిలోకి కిలో లెక్కేస్తే నీ ఒంటి వేడి దానికన్నా కోట్ల రెట్లు ఎక్కువ. కానీ ఈ కుప్ప నడిమధ్యకి 6,371 కిలోమీటర్లు! పైగా ఎక్కువగా దొరికే రకం యురేనియంలో సగం తరగడానికే దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే భూమి పుట్టినప్పటిదాంట్లో సగం ఇంకా మిగిలే ఉంది.

1862లో కెల్విన్ అనే మహా శాస్త్రవేత్త, భూమి కరిగిన ముద్దగా మొదలై ఊరికే చల్లారుతోందనుకుని, దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల లోపన్నాడు. పరమాణువులు ఇలా వాటంతటవే మారిపోవడాన్నే రేడియోధార్మికత అంటారు, ఆ సంగతి 1896 దాకా ఎవరికీ తెలియదు. తెలియకే ఆయన పొరబడ్డాడని చెబుతుంటారు గానీ, అది పూర్తి నిజం కాదు. లోపలి రాయి చాలా నెమ్మదిగా కదులుతూ వేడిని పైకి మోస్తుందనుకుంటే లెక్కే మారిపోతుందని, ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే చెప్పాడు. పెద్దాయన మాటకి ఎదురు చెప్పిన ఆ పెర్రీ అంటే నాకు చాలా గౌరవం కలిగింది.

సగమని ఎలా తెలిసిందంటావా? ఆ పరమాణువులు మారేటప్పుడు న్యూట్రినోల్లాంటి, దేన్నైనా దూసుకుపోయే అతి చిన్న కణాలు వెలువడి భూమిని దాటుకుని పైకి వచ్చేస్తాయి. జపాన్‌లో ఒక కొండ కింద 1,000 టన్నుల ద్రవం నింపిన కామ్‌ల్యాండ్ అనే పరిశోధన కేంద్రంలో వాటిని పట్టి లెక్కేసి, 2011లో చెప్పారు.

ఇంతా చేసి పైకి వచ్చే వేడి, భూమంతటికీ సగటు తీస్తే, మన ఇంటి 120 గజాలకి 9 వాట్లు. వరండాలో నేనిప్పుడు వేసుకున్న బల్బు కూడా 9 వాట్లదే.

సెలవులకి వచ్చేటప్పుడు ఆ రాయి తీసుకురా. అప్పటికి కాయ కోతకొస్తుంది.

నీ నాన్న