గండికోట టెంట్లకు వచ్చేవాళ్లకు: ఈ సీజన్ నుంచి మారేవి

బుకింగ్‌కు ఫోన్ చేసినప్పుడు చాలామంది అడుగుతారు, "అక్కడ చెత్త లేకుండా శుభ్రంగా ఉంటుంది కదా?" అని. ఆ కోరిక నిజమైనదే. అయినా ఎండలో దిగినవాళ్లకు చేతికందేది లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాయే అయితే అదే కొంటారు. మార్చాల్సింది ఏర్పాటును.

హోటల్ తువ్వాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2008లో అచ్చయింది. పర్యావరణం కోసం తువ్వాలు మళ్లీ వాడమని కార్డు పెడితే 37 శాతం మంది విన్నారు. ఈ గదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడారని రాస్తే 49 శాతం. అంటే మాట మార్చి రాసినా సగం మంది దాటలేదు, బోర్డుల వల్ల వచ్చేది కొంతే. అందుకని బోర్డులు తీసేశాం.

నీళ్ల సీసాలు ఇక అమ్మం. ప్రతి వరస చివరా 20 లీటర్ల కుళాయి క్యాన్, టెంటుకో స్టీలు చెంబు ఉంటాయి. ఎండ తగిలితే క్యాన్‌లో పాకుడు పడుతుంది కాబట్టి తడి గోనెపట్ట చుట్టి నీడలో పెడతాం.

అన్నం, సంగటి ఇక స్టీలు ప్లేట్లలోనే. బజారులో దొరికే ఆకు ప్లేట్లలో కొన్నిటికి అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. అరగంట నీళ్లలో నానేసి అంచు చించితే ఆ పొర విడిగా ఊడొస్తుంది. టీ తాగే పేపర్ కప్పులదీ అదే కథ, ఎరువు గుంతలో వేసినా ఆ పొర మిగిలిపోతుంది. స్టీలుకు కడిగే నీళ్ల ఖర్చుంది. ఇక్కడ మట్టి పలుచన, కింద బండ, ఇంకుడు గుంత తవ్వినా నీళ్లు సరిగా దిగవు. జిడ్డు చేరితే అసలే దిగవు. అందుకని ఎంగిలి డబ్బాలో దులిపి, మూడు తొట్లలో వరసగా కడిగి, ఆ నీళ్లను జిడ్డు తేలే తొట్టి దాటించి చెట్లకు వదులుతున్నాం. ప్లేటు డబ్బాలో దులిపి ఇస్తే సగం పని అయినట్టే.

చలిమంట బండ మీద నేరుగా వేయనివ్వం. వేడికి పైపొర సాగి పెచ్చులూడుతుంది, మసి ఏళ్లతరబడి పోదు. కాళ్లున్న ఇనుప బాండలి ఇస్తాం, నేలకు అడుగెత్తున ఉంటుంది. కట్టె సర్కారు తుమ్మదే. అది బయటి నుంచి వచ్చి బీళ్లన్నీ కమ్మేసిన కంప, కొట్టినా నష్టం లేదు. నేలమట్టానికి నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, వేరు మొదలు తవ్వి తీయాలి. పచ్చిది కాలిస్తే కళ్లు మండే పొగ. రెండు నెలలు ఎండినదే వాడతాం. ఒక గుంపుకు ఎనిమిది కిలోలు, దాదాపు రెండు గంటల మంట.

స్పీకర్లు రాత్రి తొమ్మిది వరకే. లోయ గోడలకు తగిలి శబ్దం అవతలి గట్టు దాకా పోతుంది.

వీటన్నిటికీ తలకు రూ. 120 పెరిగింది. కడిగేవాళ్ల కూలి, కంప తవ్వకం, పొడిచెత్తను జమ్మలమడుగు చేర్చే ఆటో బాడుగ అందులోవే. ఇష్టమైతే కట్టండని విడిగా అడగం, అద్దెలోనే కలిపాం. డీజిల్ జనరేటర్ ఇంకా వాడుతున్నాం, ఫ్రిజ్ భారం మా సోలార్ పలకలు మోయలేవు. టెంట్ల గుడ్డ కూడా సింథటిక్‌దే. కాబట్టి మాది పూర్తి పర్యావరణహిత క్యాంపు అని ఎక్కడా రాసుకోం.

వచ్చేటప్పుడు టార్చి, సొంత సీసా తెచ్చుకోండి. వెట్ వైప్స్ మాత్రం మరుగుదొడ్లో వేయొద్దు. అవి నీళ్లలో కరగవు, గొట్టం పూడుకుపోతుంది, ఈ బండలో దాన్ని తవ్వి తీయడం ఒక పూటలో అయ్యే పని కాదు.