షేల్ వాయువు లెక్కల్లో బంకమట్టి మాటేదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో షేల్ వాయువు (షేల్ అనే రాతి పొరల్లో చిక్కుకున్న సహజవాయువు) ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించేది నిల్వల అంకె. 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈ ఒక్క బేసిన్‌లోనే వెలికితీయదగిన షేల్ వాయువు 57 లక్షల కోట్ల ఘనపుటడుగులు ఉంటుందని అంచనా కట్టింది. అంతకు ఏడాది ముందే ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థ బొంబాయి, కావేరి, కృష్ణా-గోదావరి ప్రాంతాలు మూడింటికీ కలిపి సగటు అంచనాగా చూపింది 6.1 లక్షల కోట్లే. ఇద్దరూ ఒకే శిలలను లెక్కించలేదు, పద్ధతులూ వేరు. అయినా ఇంత అంతరమున్న అంకెల్లో నచ్చినదాన్ని పట్టుకుని వాదులాడుకునే ముందు, ఆ షేల్‌లో బంకమట్టి ఎంత ఉంది, అది ఏ రకానిది అని అడిగేవారు కనిపించరు. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పిన వాడిగా నాకు అసలు ప్రశ్న అదేననిపిస్తుంది.

షేల్ అంటే లక్షల ఏళ్ల బరువు కింద గట్టిపడిన బురద. అందులోని బంకమట్టి ఖనిజాలు పలుచని రేకులు. పైబరువుకు అవి విస్తళ్ల కట్టలా ఒకదానిపై ఒకటి పడుకుంటాయి కనుక, వాటి మధ్య మిగిలే రంధ్రాలు గుండ్రంగా కాక, నానోమీటర్లలో కొలవవలసిన సన్నని చీలికలుగా ఉంటాయి. అందువల్ల వాయువు పొరల వెంట కాస్తో కూస్తో కదులుతుంది గానీ పొరలకు అడ్డంగా కదలడం బహుకష్టం.

రేకులన్నీ ఒకలాంటివీ కావు. వేసవిలో మన నల్లరేగడి చేలో చెయ్యి దూరేంత నెర్రెలు పడి, తొలకరికి అవే పూడుకుపోతాయి. దానికి కారణమైన స్మెక్టైట్ రకం ఖనిజమే చాలా షేల్‌లలోనూ ఉంటుంది. పొరల లోపలి తలాలనూ కలుపుకుంటే గ్రాము స్మెక్టైట్‌కు 700 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది, కయోలినైట్ అనే మరో రకానికి మహా అయితే ఇరవై. పైగా ఈ స్మెక్టైట్ భూమిలోపల అలాగే ఉండిపోదు. లోతుతోపాటు వేడి పెరిగి సుమారు 70 డిగ్రీలు దాటాక, పొటాషియం దొరికితే, క్రమంగా ఇల్లైట్ అనే వేరే బంకమట్టి ఖనిజంగా మారుతుంది. ఆ మార్పులో విడుదలైన నీరు బయటికి పోవాలి, విడుదలైన సిలికా చుట్టుపక్కల రంధ్రాల్లో సిమెంటులా పేరుకోవచ్చు. అంటే ఒకే బురద పొర అయినా రెండు వేల మీటర్ల దగ్గరి రంధ్రాలు వేరు, నాలుగు వేల మీటర్ల దగ్గరివి వేరు.

అంకెలు ఉబ్బడానికి వీలున్నది ఇక్కడే. అంత ఉపరితలం ఉందంటే షేల్ వాయువులో ముఖ్యమైన మీథేన్ అంతగా అంటుకుని ఉంటుందనుకోవడం సహజం. కానీ బంకమట్టికి మీథేన్ కన్నా నీరంటేనే ఇష్టం. ప్రయోగశాలలో బాగా ఎండబెట్టిన నమూనా పట్టుకునే మీథేన్, భూమిలో తడిగా ఉన్న అదే రాయి పట్టుకునేదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఏ స్థితిలో కొలిచారో చెప్పని అంకెకు విలువ కట్టడం ఎలా?

ఇక ఫ్రాకింగ్, అంటే ఒత్తిడితో నీరూ ఇసుకా పంపి రాయిని పగలగొట్టడం. తరగతిలో రెండు షేల్ ముక్కలను గాజు గ్లాసుల్లో మంచినీళ్లలో వేసి చూపించేవాణ్ణి. గంట కొట్టేలోపే ఒకటి రేకులు రేకులుగా విడిపోయి అడుగున బురదయ్యేది, రెండోది వేసినట్టే ఉండేది. మొదటిదాని లాంటి శిలలోకి నీరు పంపితే రేకులు ఉబ్బి ఉన్న దారులే మూసుకుపోతాయి. అందుకే ఆ నీటిలో పొటాషియం క్లోరైడ్ వంటివి కలుపుతారు. బంకమట్టి మరీ ఎక్కువైతే రాయి పెళుసుగా పగలక మెత్తగా లొంగుతుంది, తెరిచిన పగుళ్లు మూసుకోకుండా నిలపాల్సిన ఇసుక వాటి గోడల్లోకే కూరుకుపోతుంది. పోలండ్‌కు 2011లో 187 లక్షల కోట్ల ఘనపుటడుగులని అంచనా వేశారు. బావులు తవ్విన కంపెనీలు కొన్నేళ్లలోనే వెనుదిరిగాయి. చెప్పిన కారణాల్లో బంకమట్టి ఒకటి.

2013 నాటి షేల్ విధానం తరువాత మన దేశంలో తవ్విన బావుల కోర్ నమూనాలు (లోతుల నుంచి తీసిన రాతి ముక్కలు) ప్రభుత్వ రంగ సంస్థల చేతిలోనే ఉన్నాయి. పశ్చిమ గోదావరి ప్రాంతపు రాఘవపురం షేల్ గురించి గానీ, దాని కింది శిలల గురించి గానీ ఇకపై నిల్వల అంకె ప్రకటించినప్పుడు, లోతులవారీగా బంకమట్టి ఖనిజాల శాతాలనూ, తడి నమూనాల మీద కొలిచిన రంధ్ర పరిమాణాలనూ, బావిలోకి పంపదలచిన నీటి రసాయన వివరాలనూ పక్కనే ప్రచురించాలి. ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టే తెలుగు పత్రాల్లోనూ ఆ పట్టిక ఉండాలని సంబంధిత మంత్రిత్వ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం