రాజసుందరి పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో కళింగాన్ని ఏలిన గాంగ రాజు చోడగంగదేవుడి మీద వచ్చిన వ్యాసం చదివాను. పూరీ గుడి, డెబ్బై ఏళ్ళ పాలన అన్నీ రాశారు. తల్లి దగ్గరికి వచ్చేసరికి 'ఒక చోళ రాకుమారి' అని వదిలేశారు. ఆమె పేరు రాజసుందరి. చోడగంగు వేయించిన తామ్రశాసనాల్లోనే ఉంది.

ఆ శాసనాలు చెప్పే వరస చూడండి. చోడగంగు తండ్రి రాజరాజ దేవేంద్రవర్మ ముందు ద్రమిళులతో, అంటే తమిళులతో, యుద్ధంలో విజయలక్ష్మికి భర్త అయ్యాడట, అంటే గెలిచాడట, ఆ తరవాత చోళుల పిల్లని పెళ్ళాడాడట. నాకైతే అది సంధి పెళ్ళిలాగే కనిపిస్తుంది. వెంటనే ఇంకో మాట ఉంది. వేంగిని వదిలి, చోళులనే సముద్రంలో మునిగిపోబోతున్న ముసలి వేంగి రాజు విజయాదిత్యుణ్ణి చేరదీసి, పడమటి దిక్కున చాలాకాలం సుఖంగా ఉంచింది కూడా ఈమె భర్తేనట. పుట్టింటివాళ్ళకి పడని మనిషిని మొగుడు ఆదుకుంటుంటే ఆ కోడలు ఎవరి వైపు మాట్లాడాలి?

నేను పాతపట్నం ఆడపడుచుని, పర్లాకిమిడి కోడలిని. పుట్టిల్లు ఆంధ్రా, అత్తిల్లు ఒడిశా కావడం మా వైపు మామూలే. చిన్న మాట పట్టింపు వచ్చినా రెండు వైపులా సర్దిచెప్పేది మేమే. ఆమెకి వచ్చినవి సైన్యాలు.

1078లో చోడగంగుకి పట్టం కట్టేనాటికి పసివాడని చరిత్రకారులు అంటారు. భర్త లేడు, పక్కన వేంగి చోళుల చేతిలో ఉంది. తరవాత 1110 ప్రాంతంలో తన సేనాని కరుణాకర తొండైమాన్‌ని కళింగం మీదికి పంపిన చోళరాజు కులోత్తుంగుడు ఆమె తండ్రేనని కొందరు, కాదు అతనికి ముందటి చోళరాజు వీరరాజేంద్రుడే తండ్రని కొందరు. పండితుల వాదమంతా ఆమె ఎవరి కూతురన్నదాని మీదే. పసివాడితో ఆమె ఎలా నెట్టుకొచ్చిందని అడిగినవాళ్ళు తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

శివరాత్రికి మా ఊరి జనం ముఖలింగం వెళ్తారు. గర్భగుడిలో గోలెం కథ పిల్లలకి కూడా నోటికి వచ్చు. ఆ ఊరు ఒకప్పుడు గాంగుల రాజధాని అని కొందరికి తెలుసు. రాజసుందరి పేరు ఎవరి నోటా వినలేదు.

శివరాత్రికి మీ జిల్లా పేజీలో ఏటా ముఖలింగం గురించి వేస్తారు కదా. ఈసారి చోడగంగు పేరు పక్కన తల్లి పేరు కూడా వేయమని మనవి.

ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా