75 గంటల సంగతి

అమలాపురం

చిరంజీవి హారికను అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత అమ్మమ్మ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది కనుక మా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఆదివారం ఫోనులో నువ్వు రెండు మాటలు అన్నావు. అమెరికాలో మన మేరీలాండ్ రాష్ట్రంలో హైస్కూలు పట్టా కావాలంటే 75 గంటలు సేవ చేసి తీరాలని నిబంధన పెట్టాక అది సేవ ఎలా అవుతుందన్నది మొదటిది. ఆ గంటలు ఎక్కడ తొందరగా పూర్తవుతాయో కనుక్కుని చెప్పమన్నది రెండోది. ఫోనులో తేలే విషయాలు కావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ మొదటి ప్రశ్న పట్టుకుని కోర్టుల దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో 60 గంటల నిబంధన మీద, న్యూయార్క్ రాష్ట్రంలోని రై నెక్‌లో 40 గంటల నిబంధన మీద విద్యార్థులూ తల్లిదండ్రులూ దావా వేసి, జీతం లేకుండా బలవంతాన పని చేయించడం బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణకు విరుద్ధమని వాదించారు. ఫెడరల్ అప్పీలు కోర్టులు 1993లో ఒకసారి, 1996లో మరోసారి ఆ వాదనను తోసిపుచ్చాయి. చదువు కోసం పెట్టిన నిబంధన వెట్టిచాకిరీ కాదన్నది వాటి తీర్పు. మన మేరీలాండ్ విద్యామండలి 1992లోనే ఈ సేవా నిబంధనను రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. అలా చేసిన మొదటి రాష్ట్రం అదే, 1997లో హైస్కూలు ముగించిన తరగతి నుంచి అది అమలులోకి వచ్చింది. ఈ తీర్పులతో నీ మనసు సమాధానపడుతుందని నేను అనుకోను. బలవంతం బలవంతమే. కానీ లెక్కల పరీక్షా బలవంతమే కదా. దాన్ని ఎన్ని గంటలు కూర్చుని రాశావని ఎవరూ అడగరు, ఏం వచ్చిందని అడుగుతారు. దీన్ని కూడా అలాగే చూడమంటున్నాను.

నిబంధనను శ్రద్ధగా చదివితే అందులో మూడు భాగాలు ఉన్నాయి: ముందుగా సమస్యను తెలుసుకోవడం, తర్వాత పని చేయడం, ఆ పైన చేసిన పనిని గురించి ఆలోచించి రాయడం. మనవాళ్ల ఇళ్లలో మధ్య భాగం ఒక్కటే మిగిలింది. ఈ వారాంతంలో ఎవరు ఎన్ని గంటలకు సంతకం పెడతారన్న కబురు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, పిల్లలు వెళ్లి బ్యానరు ముందు ఫోటో దిగి వస్తారు, కాలేజీ దరఖాస్తులో ఒక గడి నిండుతుంది. పోటీ ఎంత ఉందో తెలుసు కాబట్టి ఆ తల్లిదండ్రులను తప్పుపట్టను. నీకు మాత్రం ఆ దారి వద్దు, ఎందుకంటే లేనివాళ్లకు ఉచితంగా సరుకులు పంచే, నువ్వు వెళ్తున్న ఆ ఫుడ్ బ్యాంకులోనే నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

నేను ఇక్కడికి బయలుదేరే ముందు శనివారం మనిద్దరం అక్కడ బడి పిల్లలకు పంచే సంచులు నింపాం. ఒక్కో సంచిలో ఓట్‌మీల్ పొట్లాలు, చిక్కుడు గింజల డబ్బా, ట్యూనా డబ్బా, మ్యాకరోనీ పెట్టె, ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేని పాలు. అతుకు దగ్గర సొట్టపడిన డబ్బాలనూ ఉబ్బిన వాటినీ నువ్వు ఏరి పక్కన పెట్టావు. మూత లాగితే ఊడివచ్చే డబ్బాలే సంచిలోకి వెళ్లాలన్నారు అక్కడి పెద్దావిడ. ఎందుకని అడిగితే, ఆ సంచి తెరిచేది చాలాసార్లు ఏ ఎనిమిదేళ్ల పిల్లో అనీ, అమ్మానాన్నలు శని ఆదివారాల్లో కూడా పనికి వెళ్తారనీ, డబ్బా మూత కోసే పరికరం ఇంట్లో ఉండకపోవచ్చనీ చెప్పారు. ఆ సంచులను శుక్రవారమే ఎందుకు పంచుతారో ఇప్పుడు ఆలోచించు. అమెరికాలో 1946 నాటి చట్టం వల్ల బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, 1975లో ఉదయపు ఫలహారం కూడా శాశ్వత పథకమైంది. పేద పిల్లలకు అవి ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతాయి, కానీ బడి ఉన్న అయిదు రోజులే. మిగిలిన రెండు రోజులకే ఈ సంచి. అక్కడి నుంచి ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. రెండు ఉద్యోగాలు చేసే మనిషి సంపాదనలో ఇంటి అద్దెకు ఎంత పోతుంది? సిల్వర్ స్ప్రింగ్ చుట్టుపక్కల ఎల్ సాల్వడార్ నుంచీ ఇథియోపియా నుంచీ వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కదా, వాళ్లకు మ్యాకరోనీ కంటే మొక్కజొన్న పిండీ పప్పూ ఎక్కువ అక్కరకు రావా?

ఇక్కడ మన వీధి చివరి బడిలో గంట కొట్టగానే పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుస కడుతున్నారు. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక దేశంలోని ప్రభుత్వాలన్నీ బడిలో వండిన భోజనం పెట్టక తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి ఇప్పుడు అన్నదానానికి పేరుపొందిన మన కోనసీమ ఆడపడుచు డొక్కా సీతమ్మగారి పేరు ఉంది. ఆదివారం సంగతేమిటన్న ప్రశ్న ఈ పిల్లల విషయంలోనూ అడగవలసిందే.

పని కంటే ముందు అడగడం అనే పద్ధతిని నేను కాలేజీ రోజుల్లో ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో, నేర్చుకున్నాను. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969లో మొదలైన ఆ పథకంలో రెండేళ్లకు 240 గంటల సేవ, దానితో పాటు ఒక ఊళ్లో ఏడు రోజుల శిబిరం ఉంటాయి. శిబిరంలో మా ప్రోగ్రాం ఆఫీసరుగారు మొదటి రోజు పలుగూ పారా ముట్టనివ్వలేదు. ఇంటింటికీ వెళ్లి మంచినీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయి, మోసుకొచ్చేది ఎవరు, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి అని అడిగి రాసుకు రమ్మన్నారు. ఊళ్లోకి రోడ్డు బాగు చేయాలని మేము అనుకుని వెళ్లాం; ఆడవాళ్లు అడిగింది బోరింగు చుట్టూ బురద లేకుండా చేయమని. రోడ్డు మానేసి బోరింగు పక్కన ఇంకుడు గుంట తవ్వాం.

కాబట్టి నీ రెండో మాటకు నా జవాబు ఇది. తొందరగా ముగిసే చోటు వెతకవద్దు, ఈ విద్యా సంవత్సరమంతా ఆ ఒక్క ఫుడ్ బ్యాంకుకే వెళ్లు. ఏ సరుకు మిగిలిపోతోందో, ఏది ముందుగా అయిపోతోందో ఒక పుస్తకంలో రాసుకో, మనుషుల పేర్లు మాత్రం రాయకు. నీ తరగతి పిల్లలు ఎవరైనా ఆ వరుసలో కనబడితే బడిలో పలకరించినట్టే పలకరించు, ఆ మాట ఇంట్లో మాతో కూడా చెప్పవద్దు. సంచిలోని సరుకులు మారాలని నీకు గట్టిగా అనిపిస్తే మీ టీచరుగారి సాయంతో కౌంటీ కౌన్సిల్‌కు ఉత్తరం రాయవచ్చు. ఒక సమస్యను పదిమంది దృష్టికీ అధికారుల దృష్టికీ తీసుకువెళ్లడాన్ని కూడా మేరీలాండ్ సేవగానే లెక్కిస్తుంది.

సంతకం చేయించవలసిన ఫారం నాన్న టేబుల్ సొరుగులో ఉంది. ఈ శనివారం వెళ్లినప్పుడు, బడి లేని వేసవి నెలల్లో ఆ పిల్లలకు సంచులు ఎలా చేరుస్తారో ఆ పెద్దావిడను అడిగి, ఆమె చెప్పినది నాకు వివరంగా రాయి.

ఇట్లు,
అమ్మ