గడ్డి నేలను ఖాళీ భూమిగా లెక్కించవద్దు: అటవీ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యావరణ, అటవీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు వన్యప్రాణి అభయారణ్యాన్ని, రాయలసీమలో అక్కడక్కడా మిగిలిన గడ్డి నేలలను దృష్టిలో ఉంచుకొని ఈ లేఖ రాస్తున్నాను. మొక్కలు నాటే లక్ష్యాల నుంచి సహజమైన గడ్డి నేలలను మినహాయిస్తూ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని, వాటి నిర్వహణకు వేరే పద్ధతి రూపొందించాలని నా విన్నపం.

సుమారు 6 చదరపు కిలోమీటర్ల రోళ్లపాడు 1988లో అభయారణ్యమైంది, ముఖ్యంగా గడ్డి నేలల్లో బతికే అరుదైన పక్షులు బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), నేల నెమలి (లెస్సర్ ఫ్లోరికన్) కోసం. అదే ఏడాది వచ్చిన జాతీయ అటవీ విధానం దేశ భూభాగంలో కనీసం మూడో వంతు అడవి కిందో చెట్ల కిందో ఉండాలని చెప్పింది. ఆ లక్ష్యంతో నాకు పేచీ లేదు. దాన్ని చేరుకోవడానికి భూమి వెతికేటప్పుడు, చెట్టు లేని ప్రతి చోటునూ ఒకప్పుడు అడవి ఉండి నరికివేతకు గురైన చోటుగా భావించడమే ఇబ్బంది. రికార్డుల్లో బంజరనో పోరంబోకనో రాసి ఉంటే ఆ భావన మరింత బలపడుతుంది.

ఈ ఆలోచనకు శాస్త్రంలో ఒక పాత మూలం ఉంది. బోడి నేల మీద ముందు గడ్డి, తర్వాత పొదలు, చివరికి ఆ వాతావరణానికి తగిన అడవి వరుసగా వస్తాయని, ఆ చివరి దశే నేలకు పరిపూర్ణ స్థితి అని 1916లో అమెరికా వృక్ష శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ప్రతిపాదించారు. పదేళ్లకు మరో అమెరికా వృక్ష శాస్త్రజ్ఞుడు హెన్రీ గ్లీసన్ దీన్ని ఖండించారు: ఏ మొక్క విత్తనం చేరింది, ఏది ఆ మట్టికి తట్టుకుంది అన్న దాన్ని బట్టే మొక్కల సముదాయం ఏర్పడుతుంది తప్ప, అన్ని జాతులూ కట్టకట్టుకొని ఒక గమ్యం వైపు నడవవని ఆయన వాదం. నేటి శాస్త్రజ్ఞులు ఇద్దరి మాటలనూ యథాతథంగా ఒప్పుకోరు కానీ, ప్రతి నేలకూ ఒకే ముగింపు ఉంటుందన్న నమ్మకాన్ని చాలావరకు వదిలేశారు. మన నర్సరీలు మాత్రం ఇంకా 1916లోనే ఉన్నాయనిపిస్తుంది.

సేద్యం ఆపిన చేనును చూస్తే ఈ క్రమం అర్థమవుతుంది. మొదట ఏడాదితో ముగిసే కలుపు మొక్కలు, పొట్టి గడ్డి వస్తాయి. తర్వాత బహువార్షిక గడ్డి దుబ్బులు కట్టి వాటిని పక్కకు నెడుతుంది. రేగు, తంగేడు, జిల్లేడు ఆ మధ్య చోటు చూసుకుంటాయి. అక్కడి నుంచి అడవి వైపు అడుగు పడుతుందా లేదా అన్నది వాన, మట్టి లోతు, మేత, నిప్పు కలిసి తేలుస్తాయి. పలచటి మట్టి, ఎడతెగని ఎండ, ఏటా తిరిగే మందలు ఉన్న చోట గడ్డి తాత్కాలిక దశ కాదు, తన కాళ్ల మీద తాను నిలిచిన సముదాయం. గొర్రెల ఉన్నికి గుచ్చుకొని కాపరులను విసిగించే సూది గడ్డి గింజను చేతిలోకి తీసుకుంటే, దానికి పొడవాటి మెలి తిరిగిన తోక కనిపిస్తుంది. తేమ తగిలినప్పుడు మెలి విప్పుకుంటూ, ఆరినప్పుడు మళ్లీ మెలికపడుతూ ఆ తోక గింజను మట్టిలోకి దించుతుంది. పైన మంట పాకిపోయినా లోపలి గింజ బతుకుతుంది. ఆ గింజను, బహిరంగ నేలలోనే పరుగు తీసే కృష్ణజింకను, గడ్డి మీదుగా దూరం చూడగలిగితే తప్ప నిలవని బట్టమేక పిట్టను చూశాక, ఈ నేల నిన్న మొన్న అడవి నరికితే వచ్చిందని నమ్మడం కష్టం.

అయితే గడ్డి నేలకు కంచె వేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. మేత పూర్తిగా ఆగితే గడ్డి ఎత్తుగా, దట్టంగా పెరిగి ఎండు పోచలు పేరుకుంటాయి, పొదలు కమ్ముకుంటాయి. వానాకాలంలో గడ్డి మీదికి ఎగిరెగిరి ఆడపక్షిని పిలిచే మగ నేల నెమలికి కొంత ఎత్తు గడ్డి నచ్చుతుంది. నేల మీద ఒకే గుడ్డు పెట్టే బట్టమేక పిట్టకు అంత దట్టం పనికిరాదు. ఇక మేత మితిమీరితే మందలు ముట్టని ముళ్ల మొక్కలే మిగులుతాయి. అందులో సర్కారు తుమ్మది వేరే కథ. అమెరికా ఖండం నుంచి తెచ్చిన ఈ చెట్టు కాయలను మేకలు తిని, పెంటికలతో పాటు గింజలను ఊరంతా చల్లుతాయి. ఒకసారి గుబురు కట్టాక గడ్డి తనంతట తాను తిరిగి రావడం అరుదు.

రోళ్లపాడులో రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగాయి, పొలాల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యమంటే విముఖత కలిగింది. చుట్టూ నీటి వసతి వచ్చి, పక్షులు పురుగుల కోసం తిరిగే మెట్ట పంటల తీరు మారింది. బట్టమేక పిట్ట అక్కడ కనుమరుగైంది. దేశంలో మిగిలిన కొద్ది పక్షుల్లో అత్యధికం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి. అక్కడ 2019 నుంచి సంరక్షణ కేంద్రంలో పిల్లలను పెంచుతున్నారు. వాటిని ఎప్పుడైనా ఇక్కడికి తేవాలన్నా ముందు నేల సిద్ధంగా ఉండాలి.

అందుచేత, గడ్డి నేలలను గుర్తించే పనిలో వృక్ష శాస్త్రజ్ఞులతో పాటు గొర్రెల కాపరులనూ కూర్చోబెట్టండి. ఏ బీట్‌లో (ఒక అటవీ గార్డు పరిధిలోని ప్రాంతంలో) ఏ నెలల్లో ఎన్ని మందలు మేయవచ్చో వారితోనే తేల్చండి. సర్కారు తుమ్మను మొలక దశలోనే వేళ్లతో సహా పీకించే పనిని ఉపాధి హామీ కింద చేర్చే అవకాశం పరిశీలించండి. జింకల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం ఆ సీజన్‌లోనే అందాలి, లేకుంటే మిగతా ఏ ఏర్పాటుకూ ఊరి మద్దతు ఉండదు. ప్రతి గడ్డి నేలలో మొక్కలను లెక్కించడానికి కొన్ని శాశ్వత చదరాలు (చదరపు గడుల్లాంటి స్థలాలు) గుర్తించి, ఏ జాతి వచ్చిందో ఏది తగ్గిందో ఏటా వానల తర్వాత ఒకసారి, వేసవిలో ఒకసారి నమోదు చేయించండి. పదేళ్ల రికార్డు లేకుండా ఈ మార్పు ఏ దిశలో ఉందో ఏ అధికారీ చెప్పలేరు.

వచ్చే వనమహోత్సవానికి మొక్కలు నాటే గుంతల లక్ష్యాలు జిల్లాలకు చేరేలోగా మినహాయింపు ఉత్తర్వు వెలువడేలా చూడాలని, ఒకవేళ ఈలోగా సర్వే పూర్తి కాకపోతే కనీసం రోళ్లపాడు పరిసరాల్లోనైనా కొత్త గుంతలు తవ్వకుండా ఆపించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
నంద్యాల జిల్లాకు చెందిన ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు