ప్రాగ్ నగరంలో మా నాన్నగారిని గట్టెక్కించిన వారికి కృతజ్ఞతలు

మొన్న డిసెంబరు 24న చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరంలో మా నాన్నగారికి వచ్చిన ఆపద నుంచి ఆయనను కాపాడిన వారందరికీ, నెల్లూరు తిరిగి వచ్చి మనసు కాస్త కుదుటపడ్డాక, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అనుమతి అడగకుండా పేర్లు బయటపెట్టడం మర్యాద కాదు కనుక ఎవరి పేరూ రాయడం లేదు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు, అమ్మానాన్నల పెళ్ళయి నలభై అయిదేళ్ళు నిండిన సందర్భంగా, క్రిస్మస్ సెలవులకు మమ్మల్నందరినీ పిలిపించి, ప్రాగ్ పాతపట్టణంలోని ఒక ఖరీదైన హోటల్లో నాలుగు రాత్రులకు గదులు తీసుకుంది. వందల ఏళ్ళ నాటి రాతి కట్టడాన్ని హోటలుగా మార్చారు. కమాను కప్పులు, స్నానాల గదిలో పాదాలకు వెచ్చగా తగిలే గచ్చు, ఏ రకం తలగడ కావాలో ఎంచుకోవడానికి ఒక పట్టిక కూడా ఉన్నాయి. 1410లో అమర్చిన ఖగోళ గడియారం ఉన్న కూడలికి అక్కడి నుంచి నడిచి వెళ్ళవచ్చు. గంట గంటకూ ఆ గడియారం పైనున్న రెండు చిన్న కిటికీల్లో ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తుంటే, మా అమ్మ మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూసింది.

నాన్నకు పద్దెనిమిదేళ్ళుగా చక్కెర వ్యాధి. ఉదయం 24 యూనిట్లు, రాత్రి 16 యూనిట్లు ముప్పై-డెబ్బై పాళ్ళ మిశ్రమ ఇన్సులిన్ తీసుకుంటారు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉన్నా, అందులో సీసా కదిలిస్తే చాలు బిల్లు పడుతుందని ఎక్కడో విన్న నాన్న దాని తలుపు కూడా తెరవలేదు. 23వ తేదీ రాత్రి మందు వేసుకున్నాక, రెండు ఇన్సులిన్ సీసాలున్న సంచిని కిటికీ బయటి రాతి అంచు మీద పెట్టారు. "ఇంత చలి పెట్టుకొని మళ్ళీ ఫ్రిజ్ ఎందుకురా, బయట పెడితే సరిపోద్ది గదా" అని తరువాత నాతో అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. రోహిణీ కార్తెలో ఇన్సులిన్‌ను తడి గుడ్డ చుట్టి కుండలో దాచుకున్న ఊరి వాళ్ళం మేము. ఎండ మందును పాడు చేస్తుందని మాకు బాగా తెలుసు గానీ, గడ్డకట్టించే చలి కూడా పాడు చేస్తుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. తెరిచిన సీసాను ఆ గదిలోని బల్ల మీద ఉంచినా నాలుగు వారాల పాటు చెక్కుచెదరదట.

తెల్లవారేసరికి రెండు సీసాలూ గడ్డకట్టాయి. పిల్లల సంబరం చెడగొట్టడం ఇష్టం లేక నాన్న ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, ఉదయపు మందు మానేసి, మామూలుగానే టిఫిన్ చేసి మాతో బయలుదేరారు. నాలుగో చార్లెస్ కాలంలో 1357లో పునాది వేసిన రాతి వంతెన మీద, ఇరువైపులా ఉన్న ముప్పై విగ్రహాలలో సగమైనా దాటకముందే, దాహమంటూ ఆగిపోయారు. రెండు సీసాల నీళ్ళు గడగడా తాగి కూడా పెదవులు తడుపుకుంటూనే ఉన్నారు. గదికి తీసుకొచ్చి వేలు గుచ్చి చూస్తే చక్కెర 386 ఉంది. అప్పుడు గానీ సంచి సంగతి చెప్పలేదు. ఒక సీసాలోది కరిగింది గానీ, అరచేతుల మధ్య ఎంత దొర్లించినా అందులో తెల్లటి పలుకులు తేలుతూనే ఉన్నాయి.

నా మొదటి నమస్కారం నెల్లూరు పొగతోటలోని మా డాక్టరు గారికి. మాకు మధ్యాహ్నం ఒంటిగంటయితే నెల్లూరులో సాయంత్రం అయిదున్నర. ఓపీ నిండా రోగులు కూర్చొని ఉన్న వేళ ఆయన ఫోన్ ఎత్తారు, విసుక్కోలేదు. గడ్డకట్టి కరిగిన మందును ఒక్క చుక్క కూడా వాడవద్దని, నీళ్ళు బాగా తాగించమని, వాంతులు గానీ ఆయాసం గానీ మొదలైతే ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పారు. కంపెనీ పేరు చెబితే అక్కడివారికి అర్థం కాదని, మందు అసలు పేరు, పాళ్ళు, మోతాదు ఇంగ్లీషులో రాసి పంపారు. ఆ రాత్రి మన లెక్కన ఒంటిగంటకు "ఇప్పుడెంత ఉంది?" అని మళ్ళీ ఆయనే సందేశం పెట్టారు.

రెండో నమస్కారం హోటల్లో అతిథులకు కావలసినవి చూసిపెట్టే ఉద్యోగినికి. ఆ పని చేసేవారిని కాన్సియర్జ్ అంటారు. ఆమె కోటు గల్లా మీద, 1929లో పారిస్‌లో మొదలైన వారి సంఘం గుర్తుగా, అడ్డంగా కలిపిన రెండు బంగారు తాళంచెవులు ఉన్నాయి. చెక్ దేశస్థులకు 24వ తేదీ సాయంత్రమే అసలు పండుగ. పెద్ద దుకాణాలన్నీ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు మూసేయాలని అక్కడ చట్టమే ఉంది. ఆమె డ్యూటీ రెండింటికి అయిపోతుంది. అయినా మా కోసం డాక్టరును హోటలుకు రప్పించి, చీటీ రాయించి, ఏ మందుల షాపు తెరిచి ఉందో ఫోన్ల మీద ఫోన్లు చేసి కనుక్కొని, చిరునామా రాసిచ్చి ఊరుకోకుండా మాతో పాటు తానే ట్రామ్ ఎక్కింది. ఇంట్లో చేప వేపాల్సిన వేళ అని ఆమె నవ్వుతూ చెప్పేదాకా ఎంత కష్టపెట్టామో మాకు తెలియలేదు.

మూడో నమస్కారం ఆ మందుల షాపులోని ఫార్మసిస్టు గారికి. ఈ మాట కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు చేయబోయింది నేనే. సిరంజీలు మా దగ్గర ఉన్నాయి, సీసా ఒక్కటి ఇస్తే చాలని నేను అన్నాను. ఆమె సిరంజీ చూపించమన్నారు. ఎర్ర మూత చూసి తల అడ్డంగా ఊపి, కాగితం మీద రెండు సీసాల బొమ్మలు గీసి ఒకదాని కింద 40 అని, రెండోదాని కింద 100 అని రాశారు. మన దగ్గర నాన్న వాడే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, ఎర్ర మూత సిరంజీ మీది గీతలు ఆ లెక్కకే గీసినవి. అక్కడ దొరికేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ముప్పై మూడేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసిన నాన్న ఆ కాగితం అందుకొని, 24 గీత దాకా లాగితే 60 యూనిట్లు లోపలికి పోతాయని తానే లెక్క వేసి, చాలాసేపు మాట్లాడలేదు. ఆమె డాక్టరుకు ఫోన్ చేసి చీటీ మార్పించి, ఎన్ని యూనిట్లు కావాలో తిప్పి పెట్టుకునే ఇన్సులిన్ పెన్ను ఇచ్చి, నాన్న చేత రెండుసార్లు తిప్పించి చూశాక గానీ మమ్మల్ని పంపలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి, అడగకుండానే తెల్లన్నం, పెరుగు గదికి పంపిన వంటశాల వారికి కూడా మా కృతజ్ఞతలు. అందులోకి అమ్మ తెచ్చిన మాగాయ ఉండనే ఉంది. మా ప్రయాణ బీమా సంస్థ పాత జబ్బు అంటూ ఖర్చు ఇవ్వననడం వేరే కథ, ఇక్కడ అనవసరం.

మర్నాడు ఆ కాన్సియర్జ్ అమ్మాయి సెలవు రోజు కూడా వచ్చి నాన్నను పలకరించి, అమ్మ చేతిలో ఒక చిన్న కాగితపు పొట్లం పెట్టింది. అందులో ఎండిన చేప పొలుసు ఉంది. పండుగకు వీధుల్లో తొట్ల నిండా బతికున్న చేపలు అమ్మడం మేము అంతకుముందే చూశాం. అమ్మ చూడగానే "బంగారుతీగ" అని గుర్తుపట్టి, పులుసుకు మామిడికాయ దొరకదే అని విచారించింది కూడా. ఆ పొలుసును పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని వారి నమ్మకమట. ఇప్పుడది అమ్మ పర్సులో రంగనాయకస్వామి కుంకుమ పొట్లం పక్కన ఉంది. ఫార్మసిస్టు గీసిన కాగితం మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది.

వారికి ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను గానీ, వారి భాషలోనే చెప్పాలని నాన్న పట్టు. చెక్ భాష వచ్చిన తెలుగువారు ఎవరైనా దీన్ని చదివితే, ఈ రాసినదాన్ని ఆ భాషలోకి మార్చి పెట్టవలసిందిగా కోరుతున్నాను. నాన్న తన చేత్తో సంతకం చేసి పంపుతారు.